సమను వచ్చిననాడు

మదనపల్లెకు ఉత్తరముగా సుమారు 30 కిలోమీటరుల దూరమున తంబళ్లపల్లె యున్నది. దాపున మల్లయ్యకొండ. శివరాత్రినాడు చుట్టుపట్ల గ్రామముల ప్రజలు ఆ కొండ నెక్కి మల్లికార్జునస్వామిని సేవింతురు. తక్కిన దినములలో వారు తంబళ్లపల్లెకు వచ్చుటకు వేరు కారణము లుండును. ఒకనికి అంగడిలో పని, ఒకనికి మండల కార్యాలయములో పని, మరియొకనికి న్యాయస్థానములో వాయిదా. ఇది మెట్టపొలముల సీమ. వాన కురిసిన వేరుసెనగ, బావిలో నీరున్న టమాట, రెండును లేకున్న అప్పు. అప్పున్నచోట పత్రముండును. పత్రమున్నచోట ఎన్నడో ఒకనాడు తగవు పుట్టును.

ఓడినవాడు కోర్టులో ఏడ్చెననియు, గెలిచినవాడు ఇంటికి వచ్చి యేడ్చెననియు ఒక సామెత కలదు. ఏండ్ల తరబడి వాయిదాలకు తిరిగి, చేతి డబ్బు పోగొట్టుకొన్నవారి అనుభవమునుండి పుట్టిన మాట యది. అందు నిజము లేకపోలేదు. అయినను ఆ సామెతను నమ్ముకొని, కోర్టునుండి వచ్చిన కాగితమును చూరులో దోపి ఊరకుండినవారికి ఏడ్చుటకు ఇల్లు సైతము మిగులకపోవచ్చును.

పూర్వము తగవు తీర్చువాడు ఊరిలోనే యుండెడివాడు. 1800 సంవత్సరమున నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసెను. అప్పుడు కడప, బళ్లారి ప్రాంతములతోపాటు మదనపల్లె, వాయల్పాడు పరిసరములు కూడ కంపెనీ చేతికి వచ్చినవి. తామస్ మన్రో 1807 వరకు ఈ దత్తమండలములకు పెద్ద కలెక్టరుగా నుండి ఊరూర తిరిగి రైతుల స్థితిగతులను కన్నులార చూచెను. చిన్న తగవుకై రైతు దూరపు కచేరీకి పోయి, పరాయి భాష నెరిగిన గుమాస్తాల చేత చిక్కుట యనర్థమని అతడు తలచెను. తరువాత న్యాయ సంస్కరణలకై నియమింపబడిన సంఘమునకు అతడే పెద్దయై 1816లో కొన్ని శాసనములు చేయించెను. వానిచే గ్రామపెద్ద గ్రామ మునసబు ఆయెను. పది రూపాయలకు మించని దావాలను అతడు ఊరిలోనే విచారించి తీర్పు చెప్పవచ్చును. ఆనాడు పది రూపాయలు స్వల్పమైన సొమ్ము కాదు.

అది ప్రజలకు సులభమైన ఏర్పాటే. అయినను దానిలో నొక దోషముండెను. అదే సంవత్సరపు మరియొక శాసనము, తిట్లు, చిన్న కొట్లాటలు మొదలైన నేరములకు దోషిని 12 గంటలకు మించకుండ చావడిలో నిర్బంధించు అధికారమును గ్రామపెద్ద కొసగెను. దోషి తక్కువ కులమువాడుగా ఎంచబడినచో అతనిని 6 గంటలవరకు బొండకొయ్యలో వేయింపవచ్చునని కూడ అందే వ్రాసిరి. నేర మొకటే, శిక్షలు రెండు. తీర్పు చెప్పువాడు ఊరి పెద్ద. ఎదుట నిలిచినవాడు అతని పొలమున కూలి. దాపున నున్న న్యాయమెల్ల మంచి న్యాయము కాదని ఆ కాలపు బీదవారికి తెలిసినంతగా పుస్తకములు వ్రాసినవారికి తెలిసియుండదు. మునసబు పదవి వంశపారంపర్యముగా సాగివచ్చెను. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణము, మునసబు ఉద్యోగములను రద్దు చేసెను.

ఈలోపల పైయెత్తున ఎన్నియో మార్పులు జరిగినవి. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడపనుండి అందు చేరినవి. ఇచ్చటి అప్పీళ్లు అప్పట్లో మద్రాసు హైకోర్టునకు పోవుచుండెను. 1954లో ఆంధ్ర హైకోర్టు గుంటూరున వెలసినది. 1956లో హైదరాబాదునకు తరలినది. 2019 జనవరి 1 నుండి అమరావతిలో నున్నది. కోక సుబ్బారావు గుంటూరులో మొదటి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి, తరువాత 1966లో భారతదేశమునకే ప్రధాన న్యాయమూర్తి యాయెను. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు తంబళ్లపల్లె అన్నమయ్య జిల్లాలో చేరెను. ఇన్ని మార్పులలోను సామాన్యునికి ముఖ్యమైనది క్రింది మెట్టు. తంబళ్లపల్లెలో జూనియర్ సివిల్ జడ్జి న్యాయస్థానము కలదు. సొమ్ము, భూమి, దారి, గట్టు మొదలైన తగవులలో దావా విలువ నిర్ణీతమైన హద్దులోపల నున్నచో మొదట అడుగుపెట్టవలసిన గడప అదియే. ఆ న్యాయాధికారియే సాధారణముగా మొదటి తరగతి మేజిస్ట్రేటుగా నేరవిచారణ కూడ చేయుచుండును. దానికి పైన మదనపల్లెలో సీనియర్ సివిల్ జడ్జి, అదనపు జిల్లా జడ్జి న్యాయస్థానములు కలవు.

ఉదాహరణమునకు ఒక ఇల్లాలి సంగతి తలచుకొనుడు. ఆమె పేరుతో పనిలేదు. అట్టివారు ప్రతి యూరను కలరు. తంబళ్లపల్లెకు నాలుగు మైళ్ల దూరమున నొక పల్లె. భర్త గతించి రెండేండ్లాయెను. రెండెకరముల మెట్ట, ఒక ఇల్లు, ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమరాలు, ఇంతయే ఆమె సంసారము. ఒకనాటి మధ్యాహ్నమున కోర్టు బంట్రోతు వచ్చి ఒక కాగితపు కట్ట నిచ్చి వ్రేలిముద్ర వేయుమనెను. ఇరుగుపొరుగువారు గుమికూడిరి.

"పెద్దమ్మా, ఆ కాగితం తీసుకోవద్దు. తీసుకోకుంటే వాళ్లేం చేయలేరు" అని యొకడు సలహా చెప్పెను.

ఇంతకంటె చెడ్డ సలహా లేదు. సమను తీసికొనుటకు నిరాకరించినచో బంట్రోతు దాని నకలును తలుపునకు అంటించి, ఆ సంగతి కోర్టునకు తెలుపును. అంతట సమను అందినట్లే న్యాయస్థానము భావింపవచ్చును. ప్రతివాది వాయిదాకు రాకున్నచో వాది చెప్పినది మాత్రమే విని డిక్రీ యిచ్చెదరు. దానినే ఏకపక్షపు డిక్రీ యందురు. తరువాత ఆస్తి జప్తు, వేలము. ఏకపక్షపు డిక్రీని రద్దు చేయుమని కోరవచ్చును గాని, దానికి 30 దినములే గడువు. రాలేకపోయినందుకు తగిన కారణమును కూడ చూపవలెను. సమను సరిగా అందనేలేదని రుజువైనచో ఆ 30 దినములు డిక్రీ సంగతి తెలిసిన నాటినుండి లెక్కకు వచ్చును.

ఆ యిల్లాలు కాగితము తీసికొనెను. మనుమరాలు సాయంకాలము బడినుండి వచ్చి చదివెను. పైన న్యాయస్థానపు పేరు, ఓ.ఎస్. అను అక్షరములు, ఒక సంఖ్య, సంవత్సరము. క్రింద ముద్ర, వాయిదా తేదీ. దానితో జతపరచిన కాగితములు దావా నకలు. తాత ఎప్పుడో యాబదివేల రూపాయలకు ప్రామిసరీ నోటు వ్రాసియిచ్చెననియు, అసలును వడ్డియు ఆయన వారసురాలు చెల్లింపవలెననియు అందున్నది.

"అవ్వా, నీవు జవాబు రాసి ఇయ్యాలంట" అని ఆ పిల్ల చెప్పెను.

జవాబు దావా ఇచ్చుటకు సమను అందిన నాటినుండి 30 దినములు గడువు. కారణము చూపినచో న్యాయాధికారి దానిని పెంచవచ్చును గాని సామాన్యముగా 90 దినములకు మించనీయరు. కాబట్టి ఆ తేదీని గోడపై బొగ్గుతోనైనను వ్రాసియుంచుకొనవలెను.

ఆమె భయపడినది రెండు విషయములకు. మొదటిది, ప్లీడరుకు ఇచ్చుటకు డబ్బు లేదు. రెండవది, భర్త అప్పునకు తన పుట్టింటివారిచ్చిన నగ సైతము పోవునేమో యని. ఈ రెండవ భయము అనవసరము. చనిపోయినవాని అప్పునకు వారసులు, ఆయననుండి తమకు సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యులు. ఆమె సొంత సొమ్ము జోలికి వాది రాలేడు. కాని ఆ రెండెకరములు భర్తవి. అవి పోయిన, పిల్ల చదువు కూడ పోవును.

మొదటి భయమునకు సమాధానము మన రాజ్యాంగములో నున్నది. 1976లో జరిగిన 42వ సవరణముచే 39-ఎ అధికరణము చేర్చబడెను. పేదరికము వలన గాని మరి యే లోపము వలన గాని ఎవరికిని న్యాయము దూరము కాకుండునట్లు రాజ్యము ఉచిత న్యాయసహాయము కలిగింపవలెనని దాని భావము. దాని ననుసరించి 1987లో న్యాయసేవాధికార సంస్థల చట్టము చేసిరి. అది 1995 నవంబరు 9 నుండి అమలులోనికి వచ్చెను. పాఠశాలలలో నవంబరు 9ని న్యాయసేవా దినముగా జరుపుట ఇందువలననే.

ఈ సహాయమునకు అర్హు లెవరు? స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులములవారు, షెడ్యూల్డు తెగలవారు, అంగవైకల్యము గలవారు, కర్మాగారపు కార్మికులు, వెట్టిచాకిరికి లోనైనవారు, కరవు వరదల వంటి ఉపద్రవములచే నష్టపడినవారు, పోలీసు నిర్బంధములోనో కారాగారములోనో నున్నవారు. వీరి ఆదాయమెంత యని చట్ట మడుగదు. తక్కినవారిలో ప్రభుత్వము నిర్ణయించిన పరిమితికి లోపడిన ఆదాయము గలవారు అర్హులు. ఆ యిల్లాలు స్త్రీ, అంతమాత్రమే చాలును. రెండెకరములున్నవి గదా యని త్రోసివేయుటకు వీలులేదు. ఈ సంగతి తెలియక, తెల్ల కార్డు లేదనియు, ఆదాయపు ధ్రువపత్రము కావలెననియు వెనుదిరిగిన స్త్రీలు ఎందరో!

న్యాయస్థానపు ఆవరణములోనే మండల న్యాయసేవా సంఘముండును. ఆ ప్రాంతపు సీనియర్ న్యాయాధికారియే దాని అధ్యక్షుడు. తెల్ల కాగితముపై తన సంగతి వ్రాసి యిచ్చిన చాలును. వ్రాయలేనివారు నోటితో చెప్పినను అక్కడివారు గాని, పారాలీగల్ వాలంటీరు గాని వ్రాసికొందురు. అంతదూరము పోలేనివారు 15100 అను సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును. అర్హత తేలిన పిదప సంఘము తన జాబితాలోని యొక న్యాయవాదిని నియమించును. ఆయనకు ప్రతిఫలము సంఘమే యిచ్చును. కోర్టు ఫీజు, నకళ్ల ఖర్చు కూడ భరించును. అట్లు నియమింపబడిన న్యాయవాది కక్షిదారునివద్ద రూపాయయు పుచ్చుకొనరాదు. అడిగినచో సంఘపు అధ్యక్షునికే ఫిర్యాదు చేయవచ్చును. దరఖాస్తును త్రోసివేసినను దానిపై అప్పీలు కలదు.

తన న్యాయస్థానములో విచారింపవలసిన కక్షిదారునకు ఆ న్యాయాధికారియే ప్లీడరును నియమించుట యెట్లని పిల్లలు అడుగవచ్చును. ఆ ప్రశ్న మంచిదే. ఆయన చేయునది నియామకము మాత్రమే. వ్యాజ్యములో ఎవరు చెప్పునది నిజమో తేల్చునది సాక్ష్యము. ఒక పక్షమువారు నోరులేనివారై నిలిచినచో ఆ తేల్చు పనియే కష్టమగును.

న్యాయవాది ఆ యిల్లాలిని మొదట అడిగిన ప్రశ్న విచిత్రముగా నుండెను: "అమ్మా, మీ ఆయనకు చేవ్రాలు వచ్చునా?" ఆమె ఇంటినుండి బ్యాంకు పుస్తకము, పాసుపుస్తకపు నకలు, ఆసుపత్రి కాగితములు తెచ్చెను. భర్త అన్నిటను చక్కగా సంతకము చేసియుండెను. దావాతో వచ్చిన నోటు నకలులో ముందువైపున నున్నదియు సంతకమే. కాని వెనుకవైపున, రెండువేల రూపాయలు చెల్లు అను వ్రాత క్రింద నున్నది వ్రేలిముద్ర.

ఆ చెల్లు వ్రాతయే వ్యాజ్యమునకు ప్రాణము. కాలపరిమితి చట్టము, అనగా 1963 నాటి శాసనము ప్రకారము, అడిగినప్పుడు చెల్లింతునని వ్రాసిన నోటుపై మూడేండ్లలోపల దావా వేయవలెను. దాటినచో నోటుకు కాలదోషము పట్టినదందురు. అయితే ఆ మూడేండ్లు నిండకముందే బాకీదారు కొంత సొమ్ము చెల్లించి, ఆ సంగతి తన చేతితో వ్రాసినను, వ్రాతక్రింద చేవ్రాలు చేసినను, నాటినుండి మరల మూడేండ్లు లెక్కకు వచ్చును. ఈ నోటు పుట్టి దాదాపు ఐదేండ్లాయెను. వెనుకనున్న చెల్లు నిజమైనచో దావా నిలుచును. నిజము కానిచో ఎన్నడో కాలదోషము పట్టిన నోటది. చెల్లు తేదీ, నోటు వ్రాసిన రెండేండ్ల పదినెలలకు పడినది. ఆ తేదీన భర్త మదనపల్లె ఆసుపత్రిలో నుండినట్లు ఆమె తెచ్చిన కాగితములు చెప్పుచున్నవి.

ఇంతమాత్రమున వాది అబద్ధమాడెనని చెప్పరాదు. చేయి వణకి రోగి వ్రేలిముద్ర వేసియుండవచ్చును. వాదియే ఆసుపత్రికి పోయియుండవచ్చును. వ్రేలిముద్రను నిపుణుని పరీక్షకు పంపుమని కోర్టును కోరవచ్చును. చెల్లు వ్రాసినవానిని బోనెక్కించి ప్రశ్నింపవచ్చును. అయితే ప్రతివాది రాకున్న ఆ నోటును వెనుకకు త్రిప్పి చూపువారెవరు?

ఇచ్చట కాగితముల విలువనుగూర్చి యొక మాట. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయమున మంటలు చెలరేగి భూములకు సంబంధించిన దస్త్రములు దగ్ధమాయెను. సర్కారువారి బీరువాలో నున్నది గదా యని నిశ్చింతగా నుండరాదని ఈ సీమవారికి నాడు తెలిసివచ్చెను. పట్టా, పాసుపుస్తకము, రిజిస్టరు పత్రము, ఆసుపత్రి చీటి, రసీదు, వీని నకళ్లు ఇంట నొక పెట్టెలో నుండవలెను. మరియొక సంగతి: అడంగలులో పేరు తప్పు పడినచో సరిచేయువారు తహసీలుదారు, ఆ భూమి నిజముగా ఎవరిదను తగవు తేల్చునది సివిలు న్యాయస్థానము. ఒకచోట పనికి మరియొకచోట ఏండ్లకొలది తిరుగువారు పెక్కురు.

వాది రాజీకి పిలిచెను. లోక్ అదాలతులో తేల్చుకొందము, వడ్డి వదలుదుననెను. లోక్ అదాలతు మంచి యేర్పాటే. అచ్చట ఫీజు లేదు. కోర్టులోనున్న దావా రాజీయైనచో కట్టిన కోర్టు ఫీజు కూడ తిరిగి వచ్చును. గట్టు తగవులు, ప్రమాద పరిహారములు, బ్యాంకు బాకీలు ఒక్కనాటితో తీరుట కలదు. కాని అక్కడి తీర్పు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. ఇరుపక్షములును మనసార ఒప్పుకొన్నగాని తీర్పు లేదు గనుక, ఒప్పుకొనుటకు ముందే పూర్తిగా తెలిసికొనవలెను. చదివి వినిపింపని కాగితముపై వ్రేలిముద్ర వేయరాదు. న్యాయవాది ఆమెతో, "అసలు యాబదివేలు ఒప్పుకొన్న, వెనుకటి వ్రేలిముద్ర ఎవరిదో ఇక ఎవ్వరును అడుగరమ్మా. ఒప్పుకొనుటయు మానుటయు నీ యిష్టము" అనెను. ఆమె ఒక రాత్రి ఆలోచించి వలదనెను.

సివిలు వ్యవహారములలో పోవునది ఆస్తి. నేర విచారణలో పోవునది స్వేచ్ఛ. పోలీసులు పట్టుకొన్నవానిని, ప్రయాణపు కాలము మినహా 24 గంటలలోపల మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెను. తనకు నచ్చిన న్యాయవాదితో మాటలాడు హక్కు అతనికి కలదు. ఇది రాజ్యాంగపు 22వ అధికరణము. న్యాయవాదిని పెట్టుకొనలేనివానికి ప్రభుత్వపు ఖర్చుతో నియమింపవలెను. ఇవి కాగితముపై వ్రాసిన మాటలు. వానికి ప్రాణము పోసిన వ్యాజ్యములు వేరు.

1979లో బీహారు చెరసాలలనుగూర్చి పత్రికలో వచ్చిన వ్యాసములను చదివి, కపిలా హింగోరానీ అను న్యాయవాది సుప్రీము కోర్టునకు పోయెను. విచారణయే జరుగక, తమ నేరము రుజువైనను పడదగిన శిక్షకంటె మించిన కాలము చెరలో గడపిన వారచ్చట నుండిరి. బెయిలు అడుగుటకు వకీలు లేడు. పూచీకత్తునకు సొమ్ము లేదు. హుస్సేనారా ఖాతూన్ అను ఖైదీ పేర ఆ వ్యాజ్యము ప్రసిద్ధి చెందెను. శీఘ్ర విచారణము, ఉచిత న్యాయసహాయము ప్రతివాని ప్రాథమిక హక్కులలోనివని న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఎందరో విడుదలైరి.

1986 నాటి సుఖ్ దాస్ వ్యాజ్యము ఇంకను ఆలోచింపదగినది. అరుణాచల ప్రదేశమున, ఒక ఇంజనీరును బెదరించిరన్న నేరమునకు అతనికిని మరి కొందరికిని రెండేండ్ల శిక్ష పడెను. విచారణలో వారికి న్యాయవాది లేడు. "వారు కోరలేదు గనుక ఇయ్యలేదు" అని ప్రభుత్వ పక్షము. అట్టి హక్కొకటి కలదని యెరుగనివాడు దానిని కోరుట యెట్లు? ఉచితముగా న్యాయవాదిని పొందవచ్చునని నిందితునకు చెప్పుట మేజిస్ట్రేటు విధియే యని సుప్రీము కోర్టు నిర్ణయించి, ఆ శిక్షను కొట్టివేసెను. నేడు తంబళ్లపల్లె వంటి చిన్న న్యాయస్థానములో సైతము, చేతులు కట్టుకొని నిలిచిన నిందితుని "న్యాయవాది కావలెనా?" అని న్యాయాధికారి అడుగుట ఆచారమాత్రము కాదు.

ఆ యిల్లాలి వాయిదానాటికి మరల వత్తము. ఉదయమే ఆమె మొదటి బస్సులో వచ్చి వేపచెట్టు క్రింద కూర్చుండెను. నల్లకోట్లవారిని చూచి ఆమెకు కొంత జంకు కలిగెను. గుమాస్తాను అడిగి గోడపై నంటించిన జాబితాలో తన వ్యాజ్యపు సంఖ్య యున్నదని తెలిసికొనెను. పదిన్నరకు న్యాయాధికారి పీఠమున కూర్చుండెను. పదునొకండు దాటిన పిదప బంట్రోతు వాకిట నిలిచి ఆమె పేరు మూడుసార్లు పిలిచెను.

"ఉండానయ్యా!" అని ఆమె లేచి లోపలికి పోయెను.

ఆమె న్యాయవాది జవాబు దావా దాఖలుచేసి, అసలు నోటును చూచుటకు అనుమతి కోరెను. న్యాయాధికారి తల యూపెను. బెంచి గుమాస్తా దస్త్రములోనుండి నోటు తీసి బల్లమీద బోరగిల పెట్టెను.